వేడి గొట్టం మీద పసుపు గుడ్డ

నేనేం ఉద్యోగం చేస్తానో మా చుట్టాలకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే లాబ్‌లో కెమిస్టుని అంటాను. రక్తపరీక్షలు చేస్తావా అంటారు. అవునంటాను. నిజం చెప్పడం మొదలుపెడితే పంక్తిలోకి మజ్జిగ వచ్చేదాకా సాగుతుంది. అప్పటికి వినేవాళ్ళు చేతులు కడుక్కోవడానికి లేచిపోతారు.

నిజం ఇదీ. అణు విద్యుత్తుకి వాడేసిన ఇంధనాన్ని నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, అందులోంచి మళ్ళీ పనికొచ్చేది లాగేసుకుంటారు. మిగిలేది కుడితి. మామూలు కుడితి కాదు, ఇనుముని కొరికే పులుపు, పైగా దగ్గర నిలబడితే చాలు మనిషిని తినేసే రకం. దాన్ని అలాగే దాచాలంటే ఖరీదైన స్టెయిన్‌లెస్ ట్యాంకులు కావాలి. మామూలు ఇనుప ట్యాంకుల్లో దాచాలంటే ముందు కాస్టిక్ సోడా పోసి ఆ పులుపు చావగొట్టాలి. ఎంత పోయాలి, పోశాక అడుగున ఎంత బురద దిగుతుంది, ఆ తర్వాత ట్యాంకు ఇనుము ఎన్నాళ్ళు ఆగుతుంది, ఇవి తేల్చడం మా పని. అసలు సరుకు మా ఊరికి రాదు. అందులో ఉండే లోహాల ఉప్పులే, కిరణాలు వెదజల్లనివి, కొనుక్కొచ్చి యాసిడ్‌లో కలిపి నకలు కుడితి తయారుచేస్తాం. ఇనుము సంగతి అడగాలంటే జంషెడ్‌పూర్‌ని కాక ఇంకెవర్ని అడుగుతారు? అలా ఆ పని మా చిన్న లాబ్‌కి వచ్చింది.

లాబ్ వెనక రేకుల షెడ్డు. అందులో నకలు కుడితి కలిపే స్టెయిన్‌లెస్ తొట్టి ఒకటి, కాస్టిక్ ద్రావణం నింపిన డ్రమ్ములు, మనిషెత్తు ఇనుప ట్యాంకులు మూడు. తొట్టిలోకి పంపుతో కాస్టిక్ ఎక్కించి, పులుపు పూర్తిగా చచ్చిందని తేలాక, వాల్వు తిప్పి ఇనుప ట్యాంకులోకి వదలాలి. అసలు ట్యాంకుల్లో కుడితి తనంతట తానే వేడిగా ఉంటుంది కనక, మేం వేడినీళ్ళ గొట్టం చుట్టి ఆ వేడి తెచ్చేవాళ్ళం. ఇనుము తుప్పు పట్టకుండా ట్యాంకులో ముందే సోడియం నైట్రైట్ అనే ఉప్పు వేసి ఉంచేవాళ్ళం. ఈ సంగతిలో మంచివాళ్ళలా కనిపించినవన్నీ చివరికి కాటేసినవే. ఆ ఉప్పు ఒకటి, నేను ఒకటి.

షెడ్డు నడిపేది మా బాబాయ్. సొంత బాబాయ్ కాదు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే కూలీగా వచ్చి ఇక్కడి స్టేషన్ పక్కన బాగ్‌బేరాలో దిగాడు. ఈయన బర్మామైన్స్ పేటలో రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టి, ముప్ఫై ఏళ్ళు చిన్నా పెద్దా కార్ఖానాల్లో ఇనుప రేకులు కడిగే యాసిడ్ తొట్ల దగ్గర కాంట్రాక్టు మీద పనిచేశాడు. మా దగ్గరికీ కాంట్రాక్టు మనిషిగానే వచ్చాడు. నేను ఇదే ఊళ్ళో ఇంకో పక్క సిద్ధగోరాలో పుట్టి పెరిగిన దాన్ని. మా నాన్న ఇంజనీరు. షెడ్డులో తెలుగు వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మొదటి రోజే బాబాయ్ అనేశాను. ఆయన నన్ను అమ్మా అనేవాడు. నేను నువ్వు అంటే ఆయన మీరు అనేవాడు. ఆ తేడా ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. తెలిసే అడగలేదు.

ఒకరోజు ట్యాంకు మూత బిగిస్తూ అడిగాడు.

"అమ్మా, ఇదే అసలు సరుకైతే ఎన్నాల్లు దాచాల?"

"మన మునిమనవల మునిమనవలు పోయాక కూడా."

"అంతకాలం ఎవుడు కాపలా కాత్తాడు?"

"ట్యాంకు."

ఆయన ట్యాంకుని అరచేత్తో తట్టి, "దీనికి పింఛనుంతాదేటి?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. షెడ్డులో నవ్వుకున్న రోజులు చాలానే ఉన్నాయి. అవి గుర్తొస్తే నాకు మంచిగా ఉండదు.

ఆయన మొలలో ఎప్పుడూ ఒక పసుపు గుడ్డ ఉండేది. పాత నూలు చీర ముక్క పసుపులో ముంచి ఆరబెట్టింది. యాసిడ్ తొట్ల దగ్గర నేర్చిన అలవాటు. అక్కడ వాడేసిన యాసిడ్‌లో సున్నం కలిపి కాలువలోకి వదిలేవారట. ఆఫీసర్ల దగ్గర పులుపు తేల్చే రంగు కాగితాలుండేవి, కూలీల దగ్గర పసుపు గుడ్డలు. పులుపు ఉన్నంతసేపు గుడ్డ పసుపుగానే ఉంటుంది. సున్నం గానీ కాస్టిక్ గానీ చాలినంత పడితే ఎర్రబడుతుంది. ఇందులో ఆయన కనిపెట్టిందేమీ లేదు. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుందని తెలియని తెలుగు ఆడది ఉండదు. నా పెళ్ళిలో నా కాళ్ళకి రాసిన పారాణి అదే.

నకలు కుడితి తుప్పు రంగులో ఉంటుంది కనక తడిగా ఉన్నప్పుడు గుడ్డ మీద ఏమీ తెలిసేది కాదు. అందుకని బాబాయ్ గుడ్డ కొస ముంచి, వేడినీళ్ళ గొట్టం మీద ఆరేసేవాడు. ఆరాక తడి పాకిన అంచుల్లో అసలు రంగు తేలేది. అప్పుడు నాకు కబురు. నేను పులుపు కొలిచే మీటరు పెట్టి అంకె చూసి, రిజిస్టర్లో రాసి సంతకం చేస్తే, అప్పుడు వాల్వు తిప్పాలి. అదీ పద్ధతి. గుడ్డ చెప్పిందీ మీటరు చెప్పిందీ ఎన్నడూ తేడా రాలేదు. నాకెంత ముచ్చటేసిందంటే, పని ఇచ్చిన వాళ్ళ తరఫున ఢిల్లీ నుంచి సైంటిస్టులు వచ్చినప్పుడు ఆ గుడ్డని చూపించి, ఇది మా శ్రీకాకుళం మీటరు అని గొప్పలు పోయాను. వాళ్ళు ఫోటో తీసుకున్నారు. బాబాయ్ గుడ్డని రెండు చేతుల్తో పట్టుకుని, పెళ్ళిచూపుల్లో కూచున్నట్టు నిలబడ్డాడు.

ఆ చలికాలం కొత్త నకలు చేయమని అడిగారు. కొన్ని చోట్ల ఆ కుడితిలో బోరాన్ కూడా ఉంటుంది, భద్రత కోసం కలిపేది. అది మా నకల్లోనూ ఉండాలి. దానికోసం బోరిక్ యాసిడ్ తెప్పించాను. పేరుకే యాసిడ్, చూడ్డానికి మెత్తటి తెల్లపొడి. నా చేత్తోనే తూచి తొట్టిలో వేశాను. బాబాయ్ రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు.

"ఇదేటమ్మా, కేరమ్ బోర్డు పౌడరేటి?"

"అదే బాబాయ్."

"బాగుంది. పనేటీ నేనప్పుడు ఆడుకుందారి."

అప్పటికే మీటరు పాడై పది రోజులైంది. అసలు ముక్క, ద్రావణంలో ముంచే గాజు కడ్డీ, బురద పట్టి పోయింది. కొత్తదానికి రాసిన కాగితం ఎవరి బల్ల మీద పడుకుందో తెలియదు. రంగు కాగితాల డబ్బా చెమ్మకి పాడైంది. పని ఆపి ఉండాల్సింది. నేనే ఆపలేదు. ఆ పది రోజుల్లో రెండు తొట్లు గుడ్డ రంగు చూసే వదిలేశాం. ఏమీ కాలేదు. అవి బోరిక్ లేని తొట్లు. ఏమీ కాకపోవడంకంటే చెడ్డ గురువు లేడు.

ఆ రోజు పొద్దున్న బాగా చలి. ఢిల్లీ వాళ్ళు మళ్ళీ వచ్చారు. నేను పెద్ద బిల్డింగ్‌లో వాళ్ళ ముందు నిలబడి తెర మీద బొమ్మలు చూపిస్తున్నాను. ఫోన్ మోగింది. బాబాయ్. పక్కకి తిరిగి ఎత్తాను.

"అమ్మా, రంగు వచ్చీసింది. గానీ తొట్టి ఒల్లు రోజూలాగ కాలడం నేదు."

యాసిడ్‌లో కాస్టిక్ పడితే వేడి పుడుతుంది. తొట్టి గోడ మీద ఆయన రోజూ అరచేతి వెనక వైపు ఆనించి చూసేవాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ మాట ఎందుకు చెబుతున్నాడో కూడా తెలిసి ఉండాల్సింది.

"చలి కదా బాబాయ్. రంగు వచ్చిందా లేదా?"

"వచ్చింది. అంచు ఎర్రగుంది."

"అయితే వదిలెయ్."

అంతే. అటు తిరిగి మళ్ళీ బొమ్మలు చూపించాను. నా ముందు కూర్చున్నవాళ్ళు చేతిగడియారాలు చూసుకుంటున్నారని తొందర. అంతకు మించి కారణం లేదు. పెద్ద కారణం ఏదైనా ఉండుంటే బాగుండేది అనిపిస్తుంది.

ఇంకో రెండు బొమ్మలు చూపించానో లేదో షెడ్డు వైపు నుంచి అరుపులు. పరిగెత్తాను. ఇనుప ట్యాంకు మూతలోంచి ఇటుక రంగు పొగ వస్తోంది, బరువైన పొగ, పైకి పోకుండా నేలమీదికి దిగుతోంది. అందరూ బయట ఉన్నారు. బాబాయ్ లోపలున్నాడు. ముఖానికి గంచా తువ్వాలు చుట్టుకుని వాల్వు మూస్తున్నాడు. అది చాలా చుట్లు తిప్పాల్సిన వాల్వు. ఆయన అన్ని చుట్లూ తిప్పి, బిగిసిందో లేదో ఇంకోసారి లాగి చూసి, అప్పుడు బయటికి వచ్చాడు. దగ్గుతూ, "హో గయా, హో గయా" అన్నాడు, అయిపోయిందని.

ఫస్టెయిడ్ గదిలో పాలూ బెల్లం ముక్కా ఇచ్చారు. పొగకి, దుమ్ముకి ఇక్కడ అదే మందు. అరగంటలో దగ్గు తగ్గింది. నేను ఆసుపత్రికి వెళ్దామన్నాను.

"ఏటీ అవనేదమ్మా. రేపటికి తగ్గకపోతే చూద్దారి."

సరే అన్నాను. ఆ పొగ వెంటనే చంపదనీ, మనిషిని ఇంటికి పంపించి నెమ్మదిగా ఊపిరితిత్తుల్లో నీరు నింపుతుందనీ ఏ కెమిస్ట్రీ పుస్తకంలోనైనా ఉంటుంది. నా బల్ల మీదున్న పుస్తకంలోనూ ఉంది. నాకు తెలుసు. తెలిసే సరే అన్నాను. ఎందుకంటే ఆయన నవ్వుతున్నాడు, ఢిల్లీ వాళ్ళు ఇంకా మీటింగు గదిలోనే ఉన్నారు.

తెల్లవారాక వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి నర్సింగ్ చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం హిందీలోనే. "ఆంటీ, పాపా సాఁస్ నహీఁ లే పా రహే" అంది. ఊపిరి అందట్లేదని. ఆసుపత్రిలో పెట్టారు. చావలేదు. నెలరోజుల తర్వాత ఇంటికి తెచ్చారు, ముక్కుకి గొట్టంతో, గాలి తయారుచేసే యంత్రంతో. ఊపిరితిత్తులు లోపల మచ్చలు కట్టేశాయని, అవి మళ్ళీ బాగుపడేవి కావని డాక్టరు చెప్పాడట.

ఏం జరిగిందో తెలుసుకోవడం పెద్ద కష్టం కాలేదు. కాస్టిక్ గొట్టం విప్పితే లోపల తెల్లగా, మైనంలా గడ్డ కట్టి ఉంది. చిక్కటి కాస్టిక్ చలికి గడ్డ కడుతుంది. పంపు తిరుగుతూనే ఉంది, కాస్టిక్ మాత్రం సగమే వెళ్ళింది. అందుకే తొట్టి వేడెక్కలేదు. పులుపు చావకుండానే కుడితి ఇనుప ట్యాంకులోకి దిగింది. అక్కడ తుప్పు కోసం వేసి ఉంచిన నైట్రైట్ కాచుకుని ఉంది. యాసిడ్ తగిలితే అది ఇటుక రంగు పొగై లేస్తుంది. ట్యాంకుని కాపాడే ఉప్పే మనిషిని పట్టుకుంది.

తేలనిది ఒక్కటే. పులుపు ఉన్నప్పుడు గుడ్డ ఎందుకు ఎర్రబడింది? ముగ్గురితో ఒక కమిటీ వేశారు. వాళ్ళకి ఆ ప్రశ్నే రాలేదు. పసుపు అంటే వంటింటి సరుకు, దాన్ని నమ్మడం మూర్ఖత్వం, అక్కడికి సరిపోయింది వాళ్ళకి.

ఆ గుడ్డ షెడ్డులో వేడి గొట్టం మీదే ఎండిపోయి ఉంది. నాకు కనిపించింది. అంచు ఎర్రగా, కాస్త ఇటుక రంగులో. చేతిలోకి తీసుకున్నాను. డిగ్రీలో ప్రాక్టికల్స్ గుర్తొచ్చాయి. ఇచ్చిన ఉప్పులో బోరాన్ ఉందో లేదో చూడాలంటే ఏం చేయాలి? కాస్త యాసిడ్ కలిపి, పసుపు కాగితం ముంచి, ఆరబెట్టాలి. ఆరాక ఎర్రబడితే బోరాన్ ఉన్నట్టు. రూఢి చేసుకోవాలంటే దాని మీద కాస్టిక్ చుక్క వేస్తే నల్లబడుతుంది. నోటికి వచ్చిన పాఠం. ఆ పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి.

బల్ల దగ్గరికి వెళ్ళి గుడ్డ అంచున ఒక చుక్క కాస్టిక్ వేశాను. నల్లబడింది. ఆకుపచ్చ కలిసిన నలుపు.

బాబాయ్ ఆ పొద్దున్న చేసింది పాఠంలో ఉన్నదున్నట్టుగా బోరాన్ పరీక్ష. పసుపు, యాసిడ్, వేడి గొట్టం మీద ఆరబెట్టడం, ఒక్క మెట్టు కూడా తప్పలేదు. ఆయనకి ఆ పాఠం తెలియదు. తెలిసిన దాన్ని నేను. ఆ పొడి తూచి వేసిందీ నేనే. పారాణి ఒక గదిలో, ప్రాక్టికల్స్ ఇంకో గదిలో పెట్టుకుని, మధ్య తలుపు ఒక్కసారి కూడా తీయలేదు.

ఈ సంగతి మా పెద్దసారుకి చెప్పాను. ఆయన మన తెలుగాయనే, చదువుకున్నవాడు, నాకు ఉద్యోగం నేర్పినవాడు. గుడ్డ వైపు చాలాసేపు చూశారు.

"ఇది నాకు చూపించావు, బాగుంది. కమిటీకి అక్కర్లేదు. అడిగినదానికి క్లుప్తంగా జవాబు రాయి. ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నారో రికార్డు లేదు కదా?"

"లేదు సార్."

"మరి లేనిదాన్ని ఎందుకు తేవడం? ఈ పని మన చేతిలోంచి పోతే నలభై మంది ఇళ్ళకి పోతారు. అందులో ఆయనలాంటి వాళ్ళే ఎక్కువ."

నేను నాలుగు వాక్యాలు రాసిచ్చాను. మీటరు పనిచేయడం లేదని, మీటరు అంకె నమోదు కాకుండానే వాల్వు తెరిచారని, పసుపు గుడ్డ వాడటం రాతపూర్వకంగా అనుమతించిన పద్ధతి కాదని, నేను ఆ సమయంలో మీటింగులో ఉన్నానని. నాలుగూ నిజాలే. తొట్టి కాలడం లేదని ఆయన చెప్పిన మాట అందులో లేదు. వదిలెయ్ అన్న నా మాట లేదు. కేరమ్ పౌడర్ లేదు. ఒక్కో నిజం దగ్గరా పులుపు చావగొట్టి, ఫైల్లో దాచుకోవడానికి వీలుగా ఇచ్చాను. అది నా వృత్తే కదా.

రిపోర్టులో ఒక వాక్యం వచ్చింది. కాంట్రాక్టు కార్మికుడు అనుమతి లేని ఇంటి పద్ధతి మీద ఆధారపడటం వల్ల ప్రమాదం జరిగింది అని. కాంట్రాక్టరు ఆయన గేటుపాసు రద్దు చేశాడు. మళ్ళీ పనిచేయగలిగే మనిషి కాదు, ఆ పాసు ఉన్నా లేకపోయినా ఒకటే అనుకున్నాను. ఎంత తప్పుగా అనుకున్నానో తర్వాత తెలిసింది. బర్మామైన్స్‌లో ఆయన వీధి వీధంతా కార్ఖానాల మనుషులే. ఎవరి పని ఎలాంటిదో అందరికీ తెలుసు. ముప్ఫై ఏళ్ళు యాసిడ్ దగ్గర పనిచేసి ఒంటిమీద మచ్చ పడనివ్వని మనిషని పేరు ఆయనకి. ఇప్పుడు టీ దుకాణం దగ్గర ఆయన్ని హల్దీ డాక్టర్, అంటే పసుపు డాక్టర్, అంటున్నారు.

పలకరించడానికి వెళ్ళాలి. రేపు, ఎల్లుండి అంటూ చలికాలమంతా గడిపేశాను. చివరికి వెళ్ళాను. సంచిలో ఆ గుడ్డ, చిన్న సీసాలో కాస్టిక్, ఒక డ్రాపర్.

ఇరుకు సందు, అటూ ఇటూ కిరాణా కొట్లు, సైకిల్ రిపేర్లు. తలుపు తీసింది పిన్ని, బాబాయ్ భార్య. గడప బోసిగా ఉంది. నేను చూడటం పిన్ని చూసింది.

"మీ బాబాయ్ రాయొద్దన్నారమ్మా. పసుపు నాను కల్లెదర చూడనేనే అన్నారు. గడపకి పసుపు నేకుండా ఉండకూడదు, ఏటి చేత్తాను?"

బాబాయ్ మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. సగమైపోయాడు. మూల యంత్రం గురగురమంటోంది. నన్ను చూసి లేవబోయాడు. వాళ్ళమ్మాయి పక్కనే నిలబడి నాకేసి చూస్తోంది. "ఆంటీ, పాపా సబ్‌సే యహీ బోల్తే హైఁ, గల్తీ మేరీ థీ" అంది. అందరితో తప్పు నాదే అని చెప్తున్నాడట.

"నాదేనమ్మా," అన్నాడు బాబాయ్. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. "ముప్పై ఏల్లు నమ్మినాను. పసుపు నా నోట్లో మట్టి కొట్టీసింది. మీకు మాటొచ్చింది నా వల్ల."

నాకు మాట వచ్చిందని ఆయన బాధ. అక్కడే ఏడ్చేశాను. ఏడ్చి, పిన్నిని కాస్త పసుపు, ఒక పాత గుడ్డ అడిగాను. పిన్ని ఆయన వైపు చూసి, భయపడుతూనే తెచ్చింది. కొత్త గుడ్డకి పసుపు రాసి కాస్టిక్ చుక్క వేశాను. పారాణి ఎరుపు. దానిమీదే ఇంకో చుక్క వేశాను. ఎరుపే.

"ఇది కాస్టిక్ వల్ల వచ్చే ఎరుపు బాబాయ్. ఇప్పుడిది చూడు." సంచిలోంచి ఆయన గుడ్డ తీశాను. చూడగానే మొహం తిప్పుకున్నాడు. అంచున ఇంకో ఎర్రటి చోటు చూసి చుక్క వేశాను. "చూడు బాబాయ్."

చూశాడు. నల్లబడింది. కళ్ళు చిట్లించి, గుడ్డని చేతిలోకి తీసుకుని వెలుతురు కేసి పట్టాడు. పనిమంతుడి చూపు ఎక్కడికీ పోలేదు.

"ఇది వేరే ఎరుపు," అన్నాడు.

"వేరే ఎరుపే. ఆ కేరమ్ పౌడర్‌ది. యాసిడ్‌లో ఆ పొడి ఉంటే, పసుపు ఆరాక ఎర్రబడుతుంది. నాకు తెలుసు. చదువుకున్నాను. గుర్తు రాలేదు."

నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"అయితే పసుపు అబద్దం ఆడనేదు," అన్నాడు చివరికి. "దానికి తెలిసింది అది చెప్పింది. మనమే ఒకటడిగి ఇంకోటి ఇన్నాం."

మనమే అన్నాడు. అందులో తననెందుకు కలుపుకున్నాడో నాకు అర్థం కాలేదు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అమ్మా, తొట్టి కాలడం నేదని నాను మీకు చెప్పినాను. గుర్తుందేటి?"

"గుర్తుంది."

"అది రాసినారేటి? ఆ రిపోర్టులో?"

"లేదు బాబాయ్."

"ఈ నలుపు సంగతి?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్పినారు?" గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. "నాకు చెప్పీసి మీరు తేలికైపోదారనేటి?"

అవును, అందుకే వెళ్ళాను. ఆ మాట ఆయన అనేదాకా నాకే తెలియదు.

"రాయండమ్మా. పేర్లెట్టి రాయండి. తొట్టి కాలడం నేదని ఈ మనిసి చెప్పినాడు, ఆ మనిసి ఇన్నేదు అని. నా పేరు, మీ పేరు. నా కూతురు చదువుతాది. సందులో ఎవుడైనా అంటే తీసి చూపుతాది. నాకింకేటీ అక్కర్నేదు." గుడ్డ మడిచి నా చేతిలో పెట్టాడు. "ఇది కూడా జత చెయ్యండి."

రాస్తానన్నాను. ఆయన తల ఊపి, గుమ్మం వైపు తిరిగి గట్టిగా పిలవబోయి, ఊపిరి చాలక మెల్లగా అన్నాడు. "ఒలే, గడపకి పసుపు రాసీవే. దాని తప్పేటీ నేదు."

నేను సందు దాటేలోగా వెనక్కి తిరిగి చూస్తే, పిన్ని గడప దగ్గర వంగి ఉంది.

రాశాను. ఆ ఆదివారం కూర్చుని మూడు పేజీలు, పేర్లతో, ఉన్నదున్నట్టు. సోమవారం పెద్దసారు చేతికిచ్చాను. ఆయన నిలబడే చదివారు. చిరాకు పడలేదు, అదే నాకు భయమేసింది.

"ఫైలు మూసేశారమ్మా. ఇది తెరిస్తే పాత స్టేట్‌మెంటు మీద నీ సంతకం ఉంది. ఏది అబద్ధం అని మొదట నిన్నే అడుగుతారు. ఇస్తానంటే తీసుకుంటాను. ఆలోచించుకుని రేపు ఇవ్వు."

కాగితాలు వెనక్కి ఇచ్చారు. తీసుకున్నాను. ఆయన లాక్కోలేదు, బెదిరించలేదు. నేనే చెయ్యి చాపి తీసుకుని సొరుగులో పెట్టాను. రేపు అన్నది ఎండాకాలం ముదిరినా రాలేదు. ఆ మధ్యలో వాళ్ళమ్మాయి రెండుసార్లు మెసేజ్ పెట్టింది. పాపా అడుగుతున్నారు, రాశారా అని. రాశాను అని జవాబిచ్చాను. అదీ నిజమే. నిజాలు చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

వానలు మొదలైన వారంలో బాబాయ్ పోయాడు. గాలిలో చెమ్మ ఎక్కువైతే ఆ ఊపిరితిత్తులు తట్టుకోలేవని డాక్టరు ముందే చెప్పాడట. వెళ్ళాను. సందులో నీళ్ళు నిలిచాయి. యంత్రం ఆపేసి మూలకి జరిపారు. జనం తొక్కిన గడప మీద పసుపు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉంది. వాళ్ళమ్మాయి నా దగ్గరికి వచ్చి, మొదటిసారి తెలుగులో అడిగింది.

"ఆంటీ, ఆ కాయితం ఇత్తారా?"

ఇస్తానన్నాను.

ఇప్పుడు ఇక్కడ అంతా రాశాను. గొట్టంలో గడ్డకట్టిన కాస్టిక్, కేరమ్ పౌడర్, గుడ్డ మీది నలుపు, చలి కదా బాబాయ్ అన్న మాట, అన్నీ ఉన్నాయి. రిటైరవడానికి ఇంకా కొన్నేళ్ళుంది కనక లాబ్ పేరు రాయలేదు, పెద్దసారు పేరు రాయలేదు. గుడ్డ ఆ మూడు పేజీలతో పాటు సొరుగులోనే ఉంది. ఆ అమ్మాయి ఇది చదివినా సందులో ఎవరికీ తీసి చూపించడానికి పనికిరాదు. ఆయన నన్ను అడిగింది రెండు పేర్లు. ఇంత రాశాను, ఆ రెండూ ఇందులో లేవు.